ఆరు పెట్టలు, రెండు పుంజులు, నెలకు 1,100 దాణా

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర పల్లె. పెరట్లో ఆరు పెట్టలు, రెండు పుంజులు ఉన్నాయి. పెట్టల్లో నాలుగు గ్రామప్రియ (పెరట్లో పెంచుకునే మేలు రకం), రెండు నాటువి. పగలంతా బయటే తిరుగుతాయి. లేయర్ దాణా (గుడ్లు పెట్టే కోళ్ల మేత) టౌన్లో విడిగా కొంటే కిలో 42 రూపాయలు. నెలకు 26 కిలోలు అవుతోంది. గుడ్లు 65 దాకా వస్తాయి. పిల్లలకు పోగా మిగిలినవి గుడ్డు 10 రూపాయలకు ఇస్తాను. ఖర్చు తగ్గుతుందని ఒక నెల ఉత్త నూకలే వేశాను, కిలో 22. గుడ్లు సగానికి పడిపోయాయి. 50 కిలోల బస్తా అయితే 1,800 అంటున్నారు. డ్వాక్రా గ్రూపులో నూటికి రూపాయి వడ్డీకి 9,000 తీసుకుని ఐదు బస్తాలు ఒకేసారి దించుకోమంటారా? లేక మంచి దాణా ఇంకా తక్కువలో దొరికే దారి ఉందా?
– ఒక గృహిణి, విజయనగరం జిల్లా

జవాబు: అమ్మా, అంకెలన్నీ రాసి పంపారు కాబట్టి సగం పని మీరే చేసేశారు. నేను ఒక్క భాగహారం చేస్తాను. 26 కిలోలకు నెలకు 1,092 రూపాయలు. దాన్ని 65 గుడ్లకు పంచితే గుడ్డుకు దగ్గర దగ్గర 17 రూపాయలు. 17 పెట్టి తయారైన గుడ్డును మీరు 10కి అమ్ముతున్నారు. దాణా కిలో 36కి దొరికినా గుడ్డు 14కి పైనే పడుతుంది. అందుకని ధర సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ 26 కిలోలు ఎటు పోతున్నాయో చూడాలి.

గుడ్లు పెట్టే కోడి బయటికి పోకుండా పూర్తిగా మేత మీదే బతికితే రోజుకు 100 నుంచి 120 గ్రాములు తింటుంది. మీ లెక్క ఎనిమిదింటికీ తలా 110 గ్రాములు. అంటే షెడ్డులో కట్టేసిన కోళ్లకు వేసినంత వేస్తున్నారు. మీవేమో పొద్దున్నే గడప దాటి పెంటకుప్పలూ కళ్లాలూ కెలికి, సాయంత్రానికి కడుపు సగం నింపుకుని వస్తాయి. మరి మిగతా దాణా ఎవరు తింటున్నట్టు? ఒకరోజు పొద్దున పళ్లెం పెట్టి ఓ పావుగంట అరుగు మీద కూర్చుని చూడండి. ముందు పుంజులు వస్తాయి, పెట్టల్ని పొడిచి పక్కకు తోస్తాయి. పక్కింటి కోళ్లు గోడ దూకుతాయి. కాళ్లతో చిమ్మింది మట్టిలో కలుస్తుంది, రాత్రి ఎలుకలు ఏరుకుంటాయి. కిలో 42 పెట్టి కొన్న దాణాతో ఇంతమందిని పోషిస్తున్నారు.

నూకలతో గుడ్లు ఎందుకు పడిపోయాయో కూడా తెలియాలి. నూకల్లో ప్రోటీన్ 7, 8 శాతమే, కాల్షియం లేనట్టే లెక్క. లేయర్ దాణాలో ప్రోటీన్ 16 నుంచి 18 శాతం, కాల్షియం మూడున్నర నుంచి 4 శాతం ఉంటుంది. గుడ్డు పెంకు దాదాపు మొత్తం కాల్షియం కార్బనేటే. కాబట్టి కిలోకు 20 చొప్పున, అవే 26 కిలోలైతే 520 రూపాయలు మిగిల్చారు గానీ 30 గుడ్లు పోగొట్టుకున్నారు. అవే 300 రూపాయలు, మిగిల్చినదాంట్లో సగానికి పైనే.

నేనైతే ఇలా చేస్తాను. పొద్దున గూడు తీసినప్పుడు పెట్టకు 30 గ్రాముల చొప్పున నూకలో, మర పట్టించిన మొక్కజొన్నో చల్లి బయటికి వదిలేయాలి. లేయర్ దాణా సాయంత్రం గూట్లోకి చేరాకే, అదీ పెట్టలకే, మరో 30 గ్రాములు. ఆ వేళకు పుంజుల్ని విడిగా గంప కింద మూసి గుప్పెడు గింజలు పడేస్తే చాలు, వాటికి లేయర్ దాణా అవసరం లేదు. ఇంట్లో ఉన్న గ్లాసుతో ఒకసారి కాటా మీద తూచి, ఎంతవరకు నింపాలో గీత పెట్టుకోండి. చేత్తో వేస్తే చెయ్యి ఆగదు.

ఈ లెక్కన నెలకు లేయర్ దాణా ఐదున్నర కిలోలు, అంటే 230 రూపాయలు. గింజలు పుంజులతో కలిపి ఎనిమిది కిలోల లోపు, 180 దాకా. మొత్తం 410. గుడ్లు అవే 65 వస్తే గుడ్డు 7 రూపాయల లోపు పడుతుంది. ఓ ఐదారు గుడ్లు తగ్గినా లాభమే. అయితే ముసురు పట్టి కోళ్లు బయటికి పోని రోజుల్లో, ఎండలకు పురుగూ ఆకూ దొరకని మే నెలలో సాయంత్రం దాణా 50 గ్రాములకు పెంచండి. నాటు పెట్ట పొదగడానికి కూర్చుంటే దానికి గింజలే ఎక్కువ వేయండి. ఆ రోజుల్లో లేయర్ దాణా ఎంత పోసినా గుడ్డు రాదు.

కాల్షియానికి ఆల్చిప్పల, నత్తల గుల్లల్ని నలగ్గొట్టి కొబ్బరి చిప్పలో వేసి గూట్లో పెట్టండి. కావలసిన పెట్ట కావలసినంత తింటుంది. ఇంట్లో వాడిన గుడ్ల పెంకులు పెనం మీద వేయించి నలిపినా సరే. ముగ్గుపిండి మాత్రం వద్దు, అందులో ఏం కలుస్తుందో చెప్పలేం.

ఇంట్లోనే దాణా కలుపుకోవచ్చా అని మీరు అడగలేదు గానీ, అడగబోతారు. కలుపుకోవచ్చు. పది కిలోలకు మొక్కజొన్న ఐదు కిలోలు, తవుడు రెండు, వేరుశనగ చెక్క రెండు, ఎండు చేపల పొడి పావు కిలో, గుల్లల పొడి ముప్పావు కిలో వేస్తే ప్రోటీన్ 16 శాతం దాకా వస్తుంది. మొక్కజొన్న 24, తవుడు 18, చెక్క 50 అనుకుంటే కిలో 29 చుట్టూ పడుతుంది. వినడానికి బాగుంది. కానీ మీకు కావలసింది నెలకు ఐదున్నర కిలోలు. మిగిలేది 70 రూపాయలు. దానికోసం మిల్లుకూ గానుగకూ చేపల సంతకూ తిరిగే ఆటో చార్జీ ఎంత? పైగా ఉప్పు చేపల్ని సరిగ్గా కడక్కపోతే కోళ్లు నీళ్లు తెగ తాగి పారుకుంటాయి. చెక్కకు బూజు పట్టిందా, ఆ విషం ఉడకబెట్టినా పోదు. ఆరు పెట్టలకు ఇంత టెన్షన్ దండగ. కోళ్లు ముప్పై, నలభై అయిన రోజున ఆలోచించండి. పశువైద్య కళాశాల మీ పక్కనే గరివిడిలో ఉంది, మీ పాళ్లు ఒకసారి అక్కడ చూపించుకోవచ్చు.

డబ్బు పెట్టకుండా ప్రోటీన్ కావాలంటే మా నాయనమ్మ పద్ధతి ఉంది. పాత కుండలో తడి గడ్డి, కాస్త పేడ కుక్కి, సాయంత్రం చెదలున్న చోట బోర్లించేది. తెల్లారి కుండ తెచ్చి పెరట్లో దులిపితే కోళ్లు రెండు నిమిషాల్లో నేల నున్నగా చేసేవి. ఇంటి గోడకు దూరంగా పెట్టుకోండి, అంతే.

ఇక బస్తాలూ అప్పూ. ఐదు బస్తాలకు కిలోకు 6 చొప్పున మిగిలేది 1,500. ఇప్పుడు వాడుతున్నట్టే వాడినా 250 కిలోలు అయ్యేసరికి తొమ్మిది నెలలు దాటుతుంది. అసలు చివర్లో కడితే నెలకు 90 చొప్పున వడ్డీకే 850 పోతుంది. మిగతాది బూజు తింటుంది. మన తేమకు మరపట్టిన దాణా రెండు నెలలకు మించి పెట్టుకోకూడదు. నేనే ఒక వానాకాలం చవగ్గా వచ్చిందని బస్తాన్నర కొని సిమెంటు నేల మీద ఆనించి పెట్టాను. అడుగున అరచేతి మందాన గడ్డ కట్టేసింది. అది కోళ్లకు వేయలేదు, గోతిలో పూడ్చాను. గ్రూపు అప్పు పిల్లల ఫీజుకో, కుట్టుమిషనుకో తీసుకోండి. కోళ్ల మేతకు తీసుకోకండి.

బస్తా ధర మాత్రం వదులుకోవక్కర్లేదు. మీ గ్రూపులోనే కోళ్లున్నవాళ్లు ఇంకో ముగ్గురు ఉండే ఉంటారు. నలుగురూ కలిసి ఒక్క బస్తా తెచ్చుకుంటే తలా పన్నెండున్నర కిలోలు, 450 రూపాయలు. ముసురు రోజుల్లో పెంచి వేసేది కూడా కలుపుకుంటే రెండు నెలలకు సరిపోతుంది. మూత బిగుతుగా ఉండే డబ్బాలో పోసి, కింద రెండు ఇటుకలు పెట్టండి. బస్తా మీద లేయర్ అని ఉందో లేదో, తయారీ తేదీ ఎప్పటిదో చూసి కొనండి. విడిగా అమ్మేచోట బ్రాయిలర్ దాణా కూడా ఇదే రంగులో ఉంటుంది, దాంట్లో పెంకుకు చాలినంత కాల్షియం ఉండదు. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద కట్టినా, ముక్క వాసన వచ్చినా వద్దనండి. చిన్న కోడిపిల్లలకు లేయర్ దాణా పెట్టకండి, ఆ కాల్షియం వాటి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

తవుడు కొంటే వారానికి సరిపడానే కొనండి, నూనె ఉంటుంది గనక త్వరగా కంపు కొడుతుంది. పల్లెల్లో హల్లర్ మిల్లు తవుడులో ఊక ఎక్కువ. గుప్పెడు తవుడు నీళ్లలో వేస్తే ఊక పైకి తేలుతుంది, చూసుకోవచ్చు. ఇంటి దగ్గరికి తెచ్చి చవగ్గా అమ్మే రేషన్ బియ్యం జోలికి పోకండి, అది కేసు అయ్యే బేరం.

కొక్కెర తెగులు టీకా ప్రభుత్వ పశువుల ఆసుపత్రిలో అడిగి వేయించండి. ఆ తెగులు ఒకసారి వస్తే పైన వేసిన లెక్కలన్నీ ఒక్క వారంలో గూటితో సహా ఖాళీ.

చివరగా పుంజులు. గుడ్డు పెట్టడానికి పుంజు అక్కర్లేదు, పొదగేయడానికి మాత్రమే కావాలి. ఆరు పెట్టలకు ఒకటి చాలు. రెండోదాన్ని మీ విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను పండగ ముందు వారం అమ్మండి, అప్పుడు పుంజు అడిగిన ధర పలుకుతుంది. ఆ డబ్బులోంచి బస్తాలో మీ వాటా 450 కట్టి, మిగిలింది ఒక డబ్బాలో వేయండి. గుడ్లు అమ్మిన డబ్బు కూడా అందులోనే వేసి, తర్వాతి దాణా ఆ డబ్బాలోంచే కొనండి.