మూత తీస్తే ఆగాలి

చి.ల.సౌ. మేనకోడలికి నరసాపురం నుంచి మీ మామయ్య ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసింది. మీ వాషింగ్ మిషను ఇక పనికిరాదు, కొత్తది కొనుక్కోమని మెకానిక్కు చెప్పాడట. నువ్వేమో డ్రయ్యరు సీలు, కెపాసిటరు, బ్రేకు వైరు ఫోనులోనే తెప్పించుకుని నీ చేత్తో నువ్వే బిగిస్తానన్నావట. మీ అమ్మ గొంతులో కోపం వినిపించింది. నాకు మాత్రం కళ్లు చెమ్మగిల్లాయి. వైండింగు షాపులో నా పక్కన పీట వేసుకుని రాగితీగ చుట్లు లెక్కపెడుతూ, నేను రెండు చుట్లు తప్పితే పట్టుకున్న పిల్లవు నువ్వు. చెయ్యగలవు. చెయ్యి. కానీ ఫోను పెట్టేశాక నాకు తెల్లవారుజాము దాకా నిద్ర పట్టలేదు. మాటల్లో చెబితే "సరే మామయ్యా" అని ఊరుకుంటావు, అందుకని రాస్తున్నాను.

ముందు తేలిక సంగతులు. స్విచ్చి కట్టేస్తే చాలదు, ప్లగ్గు పీకు. నీళ్లన్నీ వదిలేయి. వెనక రేకు విప్పాక, దేన్నీ ముట్టుకోకముందే తీగలన్నీ కనిపించేలా ఫొటోలు తీసుకో. రంగులు గుర్తుంటాయని నమ్మకు, తీగలు తారుమారైతే మోటారు ఎదురు తిరుగుతుంది. మిషనును పాత పరుపు మీద వాల్చు. ఒక్కదానివే ఎత్తకు, అల్లుడుగారిని ఒక చెయ్యి వేయమను.

డ్రయ్యరు మోటారు మూలుగుతోంది, టబ్బు తిరగడం లేదు, కాబట్టి మోటారును కదిలించే కెపాసిటరు పోయింది అన్నావట. తొందరపడ్డావు. బ్రేకు పట్టేసినా మోటారు అలాగే మూలుగుతుంది. ప్లగ్గు పీకి ఉండగానే టబ్బు కింద బ్రేకు డ్రమ్మును చేత్తో తిప్పి చూడు. మూత వేసి ఉంటే సులువుగా తిరగాలి, మూత తెరిస్తే బిగుసుకోవాలి. మూత వేసినా కదలకపోతే రోగం బ్రేకులో ఉంది. వైరైనా సాగి ఉంటుంది, డ్రమ్మును పట్టి ఆపే షూ అయినా తుప్పు పట్టి ఉంటుంది. హాయిగా తిరుగుతుంటే అప్పుడు కెపాసిటరును అనుమానించు.

ప్లగ్గు పీకాక కూడా కెపాసిటరులో కరెంటు నిలిచి ఉంటుంది. ఈ ఉత్తరంతో పాటు నా హోల్డరు బల్బు పంపుతున్నాను. దాని రెండు తీగలను కెపాసిటరు రెండు కొనలకు తాకించి పది లెక్కపెట్టు. మళ్లీ తాకించు. బల్బు వెలగలేదు కాబట్టి లోపల ఏమీ లేదనుకోకు, అంత కొద్ది కరెంటుకు వెలుగు కనిపించదు. కొత్తదాని మీద మైక్రోఫారడ్ల అంకె పాతదాని మీద ఉన్నదే ఉండాలి. వోల్టుల అంకె ఎక్కువ ఉన్నా ఫరవాలేదు, తగ్గకూడదు.

నీళ్లు కిందికి కారకుండా ఆపే రబ్బరు సీలు దగ్గర ఓపిక కావాలి. మలికిపురంలో మీకు సముద్రపు ఉప్పుగాలి. ఇరుసు తుప్పు పట్టే ఉంటుంది, బోల్టు ఒక పట్టాన రాదు. రాత్రి నాలుగు చుక్కల నూనె వేసి వదిలేసి, పొద్దున పానా వెయ్యి. ఇరుసు మీది తుప్పును సన్నటి గరుకు కాగితంతో రుద్ది, వేలితో తడిమి చూడు. గరగరలాడినంత సేపూ రుద్దుతూనే ఉండు. ఆ గరుకును వదిలేస్తే కొత్త సీలును నెల తిరక్కుండా కోసేస్తుంది. అప్పుడు నీళ్లు చుక్క చుక్కగా మోటారు మీద పడతాయి. సీలు పెదవికి కాస్త గ్రీజు రాయడం మరవకు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి.

2003 గోదావరి పుష్కరాలు జులై 30న మొదలయ్యాయి. ఆ పన్నెండు రోజులూ మన ఇల్లు సత్రమే. తణుకు నుంచి, తాడేపల్లిగూడెం నుంచి చుట్టాలు దిగారు, మీరూ వచ్చారు. వలంధర రేవులో మునిగి వచ్చిన వాళ్ల తడి బట్టలు వసారా నిండా గుట్టలు. పైన శ్రావణం ముసురు, తీగ మీద వేసిన పంచె రెండు రోజులైనా ఆరేది కాదు. మూడో రోజున డ్రయ్యరు ఆగిపోయింది. విప్పి చూస్తే మూత స్విచ్చి, మూత తీయగానే మోటారుకు కరెంటు ఆపేది. చిటికెన వేలి గోరంత రాగి పలకలు రెండు, అందులో ఒకటి చిలుము తిని విరిగింది. కొత్తది ఊళ్లో దొరకలేదు. ఆ రెండు తీగలనూ కలిపి మెలిపెట్టి టేపు చుట్టేశాను. రెండు నిమిషాల పని. డ్రయ్యరు తిరిగింది, అందరూ మెచ్చుకున్నారు. నీకప్పుడు ఎనిమిదేళ్లు, టేపు పట్టుకుని నా పక్కనే ఉన్నావు. "మామయ్యా, మరి మూత తీసినా తిరుగుతుంది కదా?" అన్నావు. "పుష్కరాలు అయ్యాక మారుస్తాలే అమ్మా" అన్నాను.

మర్నాడు రబ్బరు కాలిన వాసన వచ్చింది. మూత తీస్తే బ్రేకు పట్టుకుంటోంది, మోటారు మాత్రం ఆగడం లేదు, రెండూ పెనుగులాడి షూ కాలుతోంది. అప్పుడైనా ఆగవలసింది. ఆగలేదు. బ్రేకు వైరును గట్టిగా లాగి, షూ డ్రమ్మును తాకకుండా కట్టేశాను. వాసన పోయింది.

చుట్టాలు వెళ్లిపోయారు. స్విచ్చి భీమవరం నుంచి తెప్పించాను కూడా. అది నా బల్ల సొరుగులో పడి ఉంది. రొయ్యల చెరువుల మోటార్లు కాలి వరసగా వస్తున్న రోజులవి. ఊరందరి మోటార్లూ బాగుచేశాను. ఇంట్లోది అలాగే ఉండిపోయింది.

కార్తీకంలో ఒక సోమవారం. టైమరు ఆగింది. మోటారు చప్పుడు లేదు కాబట్టి టబ్బు కూడా ఆగిందనుకుని మీ అత్తయ్య మూత తీసి కుడి చెయ్యి పెట్టింది. నిమిషానికి వెయ్యికి పైగా చుట్లు తిరిగిన టబ్బు అది, పట్టి ఆపే బ్రేకు లేదు. చప్పుడు లేకుండా ఇంకా తిరుగుతూనే ఉంది. తడి చీర వేళ్లకు చుట్టుకుంది. చూపుడు వేలు, మధ్య వేలు విరిగాయి.

అత్తయ్య లేసు ఎంత సన్నగా అల్లేదో నీకు తెలుసు. సూదిని నడిపేది ఆ చూపుడు వేలే. ఆ వారం అప్పగించవలసిన టేబుల్ క్లాతుకు ఇంకా నాలుగు పూలు తక్కువ. పక్క వీధి ఆవిడ అల్లి కలిపింది. ఎముకలు అతుక్కున్నాయి కానీ, చూపుడు వేలు నడిమి కణుపు దగ్గర నేటికీ పూర్తిగా వంగదు. ఇప్పుడు సూదిని బొటనవేలికీ ఉంగరపు వేలికీ మధ్య ఇరికించుకుని లావు దారంతో అల్లుతుంది. మధ్యమధ్య సూది జారి పడుతుంది. గచ్చు మీద అది పడిన చప్పుడు నేను పక్క గదిలో ఉన్నా నాకు వినిపిస్తుంది. ఇన్నేళ్లలో నన్ను ఒక్క మాట అనలేదు. బాగుచేశానని చెప్పింది నేను, నమ్మి చెయ్యి పెట్టింది తను.

నువ్వు తెప్పించిన వాటిలో మూత స్విచ్చి లేదు. ఎందుకు లేదు? అంత పెద్ద వాటికి ఖర్చు పెట్టినదానివి, అంత చిన్నదాన్ని ఎలా వదిలేశావు? పాతది పని చేస్తోందిలే అంటావు. విప్పి చూశావా? పలకల మీద పచ్చటి చిలుము కనిపిస్తే ఇవాళే తెప్పించు. అది వచ్చేదాకా మిషను విప్పి ఉన్నా ఫరవాలేదు. మీ అత్తగారికి నడుం నొప్పి, బట్టలు పిండలేరని తెలుసు. నాలుగు రోజులు అల్లుడుగారు పిండుతారు, నేను అడిగానని చెప్పు. అంతే కాని, ఎవరు ఎంత తొందరపెట్టినా ఆ రెండు తీగలూ కలపకు. నీ కొడుక్కి నాలుగేళ్లు. వాడి చెయ్యి ఇప్పుడు మిషను మూత దాకా అందుతుంది. నిన్న రాత్రంతా నా కళ్లముందు ఉన్నది వాడి చెయ్యే తల్లీ.

ఇంకొకటి. వెనక రేకుకు బిగించిన పచ్చతీగ ఎర్తు. విప్పినప్పుడు పక్కన పెట్టి, మళ్లీ బిగించడం మరిచిపోతారు. అన్నిటికంటే ముందు దాన్ని బిగించాకే రేకు మూయి. ఇంటి ఎర్తింగు ఎలా ఉందో కరెంటు పని తెలిసినవాళ్లకు ఒకసారి చూపించు.

మోకాళ్లు సహకరిస్తే నేనే పంటు ఎక్కి గోదావరి దాటి వచ్చేవాణ్ణి. మన వీధి కుర్రవాడు రేపు పొద్దున సఖినేటిపల్లి వస్తున్నాడు, వాడి చేతికి సంచీ ఇస్తున్నాను. హోల్డరు బల్బు, టెస్టరు, చిన్న పానాల కట్ట, గ్రీజు డబ్బా ఉన్నాయి. పానాలు తిరిగి ఇవ్వనక్కరలేదు, అవి ఇక నీవే. అడుగున పొట్లంలో ఉన్నది అత్తయ్య నీ కోసం చేసిన సున్నుండలు.

అంతా బిగించాక టబ్బులో ఒక్క తడి తువ్వాలు వేసి తిప్పు. వేగం అందుకున్నాక మూత తీసి, చెయ్యి దూరంగా పెట్టుకుని, అంకెలు లెక్కపెట్టు. పది దాటకుండా టబ్బు పూర్తిగా నిలిచిపోవాలి. ఎన్నో అంకె దగ్గర ఆగిందో నాకు ఫోను చేసి చెప్పు. రాత్రి ఎంత పొద్దుపోయినా సరే, మెలకువగానే ఉంటాను.

ఇట్లు,
మీ మామయ్య