మాత్రలు వేసుకుంటే బొమ్మలు రావా?

ప్రశ్న: మా తమ్ముడు చిత్రకారుడు. బైపోలార్‌కి (మనసు అతి ఉత్సాహానికీ, కుంగుబాటుకీ మధ్య ఊగే జబ్బు) లిథియం వాడుతున్నాడు. సన్నగీత గీస్తుంటే చెయ్యి వణుకుతోందనీ, మునుపటి ఊహలు రావడం లేదనీ మాత్రలు మానేస్తానంటున్నాడు. మానేయొచ్చా?

జవాబు: ఉన్నట్టుండి మాత్రం మాననివ్వకండమ్మా. లిథియం హఠాత్తుగా ఆపితే ఉన్మాద దశ త్వరగా తిరగబెట్టొచ్చు, ఆత్మహత్య ముప్పూ పెరుగుతుంది. ఆపక తప్పకపోతే డాక్టరే కనీసం 4 వారాలు, వీలైతే 3 నెలల్లో మెల్లగా తగ్గిస్తారు.

అతని బాధ ఉత్తిది కాదు. ముందు రక్తంలో లిథియం ఎంతుందో చూపించండి. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు, పొద్దుటి మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. సాధారణంగా లీటరు రక్తానికి 0.6 నుంచి 0.8 మిల్లీమోల్ (mmol/L) దాకా సరిపోతుంది. అంతకు మించితే మోతాదు కాస్త తగ్గించగానే వణుకూ, మందకొడితనమూ తగ్గొచ్చు. థైరాయిడ్ కూడా చూపించండి. లిథియం వల్ల అది మందగించినా ఇలాగే స్తబ్దుగా ఉంటుంది. అప్పటికీ వణుకు పోకపోతే ప్రొప్రనలాల్ ఇస్తారు, ఆస్తమా ఉంటే ముందే చెప్పాలి. నొప్పులకని ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ సొంతంగా మింగితే లిథియం పెరిగిపోతుంది. వాంతులు, విరేచనాలు, తూలుడు, పెద్ద వణుకు కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఊహల సంగతి: 1979లో డెన్మార్క్ వైద్యుడు మోగెన్స్ షౌ లిథియం వాడుతున్న 24 మంది కళాకారులను అడిగితే, 12 మంది పని పెరిగిందన్నారు, ఆరుగురు మార్పు లేదన్నారు, ఆరుగురు తగ్గిందన్నారు. చిన్న అధ్యయనమే, అయినా మీ తమ్ముడికి చూపించండి.