పచ్చి టమాటా, యాపిల్ తొక్కతో కండ కరగడం ఆగుతుందా?

మీ నాన్నగారికి డెబ్బై దాటాయి, తుంటి ఎముక విరిగి మంచం పట్టాక తొడలు సన్నబడిపోయాయి, పచ్చి టమాటా రసం, యాపిల్ తొక్క పెడితే కండ నిలుస్తుందని ఎవరో వీడియోలో చెప్పారు, నిజమేనా అని అడిగారు కదండీ. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా నాన్నమ్మకీ ఇలాగే అయినప్పుడు దీని గురించి బాగా చదివాను.

అది ఉత్త గాలి కబురు కాదు. యాపిల్ తొక్కలో, మన తులసి ఆకులో ఉండే ఉర్సోలిక్ యాసిడ్ మీద, పండని పచ్చి టమాటా నుంచి వచ్చే టొమాటిడిన్ మీద అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం వాళ్లు ఏళ్ల తరబడి పనిచేశారు. వయసు మీద పడ్డాక కండని బలహీనం చేసే ఏటీఎఫ్4 అనే ప్రోటీన్ పనిని ఈ రెండూ తగ్గిస్తాయని 2015లో చెప్పారు. ముసలి ఎలుకలకి రెండు నెలలు పెడితే కండ 10 శాతం, బలం 30 శాతం పెరిగాయట. ఆ 30 చూసి నాకూ చాలా ఆశ పుట్టింది. కానీ అవి ఎలుకలు, పైగా మేతలో కొలిచి కలిపిన మందు అది. ఉర్సోలిక్ యాసిడ్ మనం నోటితో తీసుకుంటే రక్తంలోకి చేరేదే తక్కువ. పచ్చి టమాటా పచ్చడి చేసి అన్నంలో పెట్టండి, హాయిగా తింటారు, అంతేగానీ రసం తీసి గ్లాసులకి గ్లాసులు పట్టించకండి, కడుపులో తిప్పుతుంది.

మా ఇంట్లో తేడా తెచ్చింది తిండి, కదలిక. ఫిజియోథెరపిస్టు వచ్చి నాన్నమ్మ కంచం చూశాడు, ఇంత అన్నం, దాని మీద చెంచాడు పప్పు, రాత్రికి మజ్జిగన్నంలో మాగాయ ముక్క, ఇందులో ప్రోటీన్ ఎక్కడుందండీ అన్నాడు. పెద్దవాళ్లకి కిలో బరువుకి రోజుకి 1 నుంచి 1.2 గ్రాములు కావాలి, అంటే 50 కిలోల మనిషికి 50, 60 గ్రాములు, గుడ్డులో ఉండేది 6 గ్రాములే. అందుకని పొద్దున్నే గుడ్లు, మధ్యాహ్నం కొర్రమీను పులుసు (పళ్లు లేకపోయినా చేప నమలొచ్చు, ముల్లు తీసి పెట్టాలి), సాయంత్రం ఉడికించిన సెనగలు మెత్తగా మెదిపి, ఇలా పూటపూటకీ సర్దాం.

ఎముకల డాక్టరు సరేనన్నాక అరుగు మీద చేతుల కుర్చీ వేసి, లేచి కూర్చోవడం మొదలుపెట్టించాం. మొదట్లో రెండు చేతులూ బలంగా ఆనించి లేచేది, మోకాళ్లు వణికేవి, వెనక ఒకరం పట్టుకునేవాళ్లం. తర్వాత తర్వాత ఒక చెయ్యి సరిపోయేది. ఏ పొడి పెట్టినా కండకి పని చెప్పకపోతే మంచం మీద అది కరుగుతూనే ఉంటుంది, ఇది మాత్రం గట్టిగా చెప్తాను.

మీ నాన్నగారికి రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది) ఎక్కువుందని ఎప్పుడైనా చెప్పారా? అలా అయితే డాక్టరుని అడక్కుండా ప్రోటీన్ పెంచొద్దు. ఇప్పుడు పట్టుకుంటే నిలబడగలుగుతున్నారా, రోజూ ఏం తింటున్నారు, అది కూడా రాయండి.