శుభలేఖల డిజైన్ వచ్చు, ఆన్‌లైన్‌లో ఏం అమ్మాలి?

ప్రశ్న: మాది తణుకు. బి.కాం. చివరి సంవత్సరం చదువుతున్నాను. నాన్నకు డీటీపీ, ప్రింటింగ్ షాపు ఉంది. ఇంటర్‌ నుంచి సాయంత్రాలు షాపులో కూర్చుని శుభలేఖలు, విజిటింగ్ కార్డులు, ఫ్లెక్సీలు డిజైన్ చేస్తున్నాను. తెలుగు టైపు చేసే అను సాఫ్ట్‌వేర్, ఫొటోషాప్, కోరల్‌డ్రా బాగా వచ్చు. కాన్వా కూడా వాడతాను. డిజిటల్ ప్రొడక్ట్స్ చేసి ఆన్‌లైన్‌లో అమ్మితే బాగా సంపాదించవచ్చని వీడియోల్లో చెబుతున్నారు. ప్లానర్లు, ఈబుక్స్, రెజ్యూమె టెంప్లేట్లు అంటూ బోలెడు ఐడియాలు. వాటిలో ఏది పట్టుకోవాలో తెలియక టెన్షన్‌గా ఉంది. ఒకాయన 15 వేలకు కోర్సు నేర్పిస్తానంటున్నారు. నాన్నేమో ‘మన ఫైళ్లు బయట అమ్మితే రేపు పక్క షాపువాడు మన డిజైన్ మనకే చూపిస్తాడు’ అంటున్నారు. నాకు వచ్చిన పనికి ఏ ప్రొడక్ట్ సరిపోతుంది?

జవాబు: ముందు ఆ 15 వేలు కట్టకండి. ఇలాంటి కోర్సులు కొన్నింట్లో ఒక తిరకాసు ఉంటుంది. మీకు అమ్మిన కోర్సునే మీరు మళ్లీ ఇంకొకరికి అమ్ముకోవచ్చంటారు. దానికి మాస్టర్ రీసేల్ రైట్స్ అని ఓ పెద్ద పేరు. అక్కడ అమ్ముడుపోయేది సరుకు కాదు, వెనకాల చేరేవాడి ఆశ. మీరు చూసిన కోర్సు ఆ బాపతు కాకపోయినా సరే, అందులో నేర్పే ఫొటోషాప్, కాన్వా మీకు ఇప్పటికే వచ్చు.

ఇక ప్లానర్లు, రెజ్యూమె టెంప్లేట్లు. వాటిని పక్కన పెట్టేయండి. కాన్వా తెరిస్తే అవి ఉచితంగానే కుప్పలుగా దొరుకుతాయి. ఇంగ్లిష్‌లో ప్లానర్ చేసేటప్పుడు ప్రపంచంలో ఉన్న డిజైనర్లందరూ మీకు పోటీ, అక్కడ మీ షాపు అనుభవం ఏ పనికీ రాదు. అందరికీ కలిపి చెప్పే ఐడియాల జాబితాలో మీకంటూ ఉన్న పనితనం కనబడదు. అది మీ షాపు కౌంటర్ దగ్గర కనబడుతుంది.

ఒక శుభలేఖ పని ఎలా నడుస్తుందో గుర్తు చేసుకోండి. పెళ్లివారు ఒక తెల్లకాగితం మీద పేర్లు రాసుకొస్తారు. దాన్ని మీరు మేటర్‌గా మారుస్తారు. పైన శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు. తాతగారు కాలం చేశారు కాబట్టి ఆయన పేరు ముందు కీ.శే. పడాలి. అబ్బాయి ద్వితీయ పుత్రుడా, కనిష్ఠ పుత్రుడా అడిగి తెలుసుకోవాలి. చి., చి.ల.సౌ. తారుమారు కాకూడదు. పురోహితుడు రాసిచ్చిన సంవత్సరం, మాసం, తిథి, నక్షత్రం, లగ్నం ఒక్క అక్షరం పోకుండా ఎక్కించాలి. 2026 మార్చి 19 ఉగాదితో విశ్వావసు పోయి పరాభవ నామ సంవత్సరం వచ్చింది. పాత ఫైల్లోనే పేర్లు మార్చేసి, విశ్వావసు అన్న మాట మార్చడం మరిచి ప్రింటుకు పంపేస్తే అవతల అయ్యే గొడవ ఏమిటో మీకు ఒకరు చెప్పక్కర్లేదు. కార్డుకు చుట్టూ పూలు, వెనకాల గుడి గోపురం ఈరోజుల్లో ఏఐ అయినా గీసిస్తుంది. మేనమామ పేరు ఎక్కడ పడాలి, పెద్దక్క, బావగారి పేర్లు ఆహ్వానించువారిలో వేయాలా వద్దా అన్నది మాత్రం షాపులో కూర్చున్నవాళ్లకే తెలుసు. మీరు అమ్మాల్సింది ఆ తెలివిడిని. బొమ్మ దానికి అలంకారం మాత్రమే.

అయితే ఎవరికి అమ్మాలి? మీ ఈడు వాళ్లు చాలామంది నేరుగా పెళ్లివారికే అమ్మాలనుకుంటారు. నా లెక్కలో అది కష్టమైన దారి. ఆ ఇంట్లో పెళ్లి ఒక్కసారి జరుగుతుంది, ఫైలు ఒక్కసారి కొంటారు, అయిపోయింది. ప్రతి 200 రూపాయల కోసం కొత్త మనిషిని వెతుక్కోవాలి. పైగా ‘పేరు కొంచెం పెద్దది చేయండి, రంగు మార్చండి’ అంటూ రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో మెసేజ్‌లు. అది ప్రొడక్ట్ అమ్మడం అనిపించుకోదు, తక్కువ డబ్బుకు అదే డీటీపీ పని. సీజన్‌లో వారం వారం ఇదే పని పడేవాళ్లు వేరే ఉన్నారు. డీటీపీ ఆపరేటర్లు, పెళ్లి ఫొటోగ్రాఫర్లు, వాట్సాప్ ఇన్విటేషన్ వీడియోలు చేసే కుర్రాళ్లు. వాళ్లకు ఒక గంట మిగిలితే ఆ గంటకు డబ్బు. మేటర్‌తో సహా సిద్ధంగా ఉన్న ఫైలు దొరికితే కొంటారు, పనికొస్తే మళ్లీ వస్తారు.

ఫ్లెక్సీ బ్యానర్ల జోలికి వెళ్లకండి. నాయకుల పుట్టినరోజు, పండగ శుభాకాంక్షల ఫొటోషాప్ (పీఎస్‌డీ) ఫైళ్లు టెలిగ్రామ్ గ్రూపుల్లో ఊరికే తిరుగుతుంటాయి, ఎవరూ రూపాయి పెట్టరు. ఎవరూ సరిగ్గా పట్టించుకోనిది ఇంకొకటుంది. పెద్దకర్మ కార్డులు. పొద్దున చెబితే సాయంత్రానికి కావాలంటారు, ఇంట్లోవాళ్లు కూర్చుని మేటర్ చెప్పే స్థితిలో ఉండరు, ఏ షాపులో చూసినా అదే పాత డిజైన్, అదే దీపం బొమ్మ. దశదిన కర్మ, సంవత్సరీకం, వర్ధంతి, వీటికి నాలుగు రకాల కుటుంబాలకు సరిపోయేలా మేటర్ రాసి, ఫొటో మారిస్తే చాలన్నట్టు శుభ్రమైన ఫైళ్లు చేస్తే ఆపరేటర్‌కు ఎంత తెరిపో ఆలోచించండి. చావు కార్డుతో వ్యాపారం ఏమిటని ఇంట్లో ముఖం చిట్లిస్తారేమో. వాళ్లు షాపులో చేస్తున్నదీ అదే కదా! దీనికి ఇంకో సుగుణం కూడా ఉంది. ఆషాఢంలో, మూఢాల్లో శుభలేఖల పని పడిపోతుంది. 2026లోనైతే అధిక జ్యేష్ఠం కూడా తోడైంది. పెద్దకర్మ కార్డుకు ముహూర్తంతో పని లేదు. మీ పక్క చర్చి పెళ్లిళ్లు ఎక్కువైతే ‘పరిశుద్ధ వివాహము’ కార్డులకూ ఇదే పద్ధతి. బైబిల్ వాక్యం ఎక్కడ వేయాలి, పాస్టరుగారి పేరు ఎలా రాయాలి అన్నది తెలిసిన డిజైనర్ చేసిన ఫైలుకు విలువ ఉంటుంది.

ఫాంట్ దగ్గర కాస్త ఆగాలి. మీ చేతికి అలవాటైంది అను. అందులో చేసిన ఫైలు ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాల గందరగోళం కనిపిస్తుంది. పోనీ ఫైలుతో పాటు ఫాంట్లు కూడా ఇచ్చేద్దామా అంటే, అది లైసెన్సు కట్టి కొనుక్కునే సాఫ్ట్‌వేర్, మీరు పంచిపెట్టకూడదు. కాబట్టి అమ్మే ఫైళ్లను యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతిలో చేయండి. సిలికానాంధ్ర తెచ్చిన రామభద్ర, మండలి, పెద్దన, ధూర్జటి లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. ఓపెన్ ఫాంట్ లైసెన్సు కిందివి కాబట్టి అమ్మకానికి చేసే డిజైన్లలో నిశ్చింతగా వాడుకోవచ్చు, ఫాంట్‌ను ఒక్కదాన్నే విడిగా అమ్మకూడదంతే. పాత ఫొటోషాప్‌లో యూనికోడ్ తెలుగు పెడితే ఒత్తులు పక్కకు జారిపోతాయి. ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద సౌత్ ఏషియన్ సెట్టింగ్ పెట్టుకోవాలి. ఈ ఒక్క ముక్క చెప్పే చిన్న వీడియో మీ ప్యాక్‌తో పాటు ఇవ్వండి. అది లేకపోతే కొన్నవాళ్లలో సగంమంది ‘ఫైలు పాడైంది’ అని మీ మీదే విరుచుకుపడతారు.

మీ నాన్నగారి మాటకు వద్దాం. ఆయన భయంలో నిజం ఉంది. తణుకులో మీ డిజైన్లు నలుగురికీ అందితే షాపుకు దెబ్బే. కానీ కర్నూలులోనో నిజామాబాద్‌లోనో ఉన్న ఆపరేటర్ మీ కస్టమర్‌ను లాక్కోలేడు. షాపుకు ప్రత్యేకంగా ఉన్న డిజైన్లను ముట్టుకోకుండా, అమ్మకానికి కొత్తవి చేస్తానని ఆయనకు మాటివ్వండి. ఎందుకంటే షాపు కంప్యూటర్‌లో ఉన్నవన్నీ మీ సొత్తు కాదు. ఎప్పుడో కొన్న డీవీడీల్లోని బ్యాక్‌గ్రౌండ్లు, గూగుల్‌లో దించుకున్న వినాయకుడి బొమ్మ, ఎవరో డిజైనర్ గీసిన బోర్డరు, అన్నీ కలిసిపోయి ఉంటాయి. ఒక కార్డు ప్రింట్ చేసివ్వడం వేరు, ఫైలునే సరుకుగా అమ్మడం వేరు. కాన్వాలో ఉన్న బొమ్మను కూడా మార్పు లేకుండా అలాగే తీసి అమ్మడానికి వాళ్ల నిబంధనలు ఒప్పుకోవు. నాలుగు పూలు, ఒక మామిడి తోరణం, ఒక కలశం మీరే గీసుకోండి. ఇంకో సంగతి, నమూనా కోసమైనా సరే కస్టమర్ల పేర్లు, ఫొటోలు, ఫోన్ నంబర్లు ఉన్న కార్డును ఎవరికీ చూపించకండి. నంబరున్న లేయర్‌ను (డిజైన్‌లోని పొరను) కనబడకుండా ఆఫ్ చేసి ఉంచినా ఫైల్లో ఆ నంబరు ఉంటుంది.

వంద డిజైన్లు చేసి, వెబ్‌సైట్ పెట్టి, లోగో గీసి కూర్చోవద్దు. ముందు మూడు ఫైళ్లు చాలు. షాపుకు కాగితం, ప్లేట్లు వేసే ఏజెంట్లు మీకు తెలుసు, వాళ్లకు వేరే జిల్లాల్లో షాపులు తెలుసు. వాళ్ల ద్వారా కొందరు ఆపరేటర్లకు ఒక ఫైలు ఉచితంగా పంపి, రెండోది డబ్బుకు కావాలా అని అడగండి. ‘చాలా బాగుందమ్మా’ అన్న మాటను లెక్కలో వేసుకోకండి. ఫోన్‌పేలో డబ్బు పడితేనే లెక్క. ఎవరూ కొనకపోతే ఎందుకు కొనలేదో అడగండి. వాళ్లు కోరల్‌డ్రాలో పని చేస్తుంటే మీరు ఫొటోషాప్ ఫైలు పంపి ఉండొచ్చు. అలాంటిది కూర్చుని ఊహిస్తే తెలియదు.

ధర మరీ తక్కువ పెట్టవద్దంటాను. పది ఫైళ్ల ప్యాక్ 499 రూపాయలనుకుందాం. నెలకు 20 మంది కొంటే 9,980. అది రెండు మూడు నెలల్లో వచ్చే మాట కాదు, మొదట్లో నెలకు ఇద్దరు ముగ్గురు కొన్నా తక్కువేం కాదు. ఈ దశలో యూపీఐతో డబ్బు తీసుకుని గూగుల్ డ్రైవ్ లింకు పంపితే సరిపోతుంది. అమెరికాలో ఉన్న మనవాళ్లకు అమ్మాలంటే గమ్‌రోడ్, ఎట్సీ లాంటి అమ్మకాల వెబ్‌సైట్లు కావాలి. అక్కడ కోతలు చూసుకోండి. గమ్‌రోడ్ ప్రతి అమ్మకానికి 10 శాతం, పైన 50 సెంట్లు తీసుకుంటుంది, కార్డు చార్జీలు దీనికి అదనం. 3 డాలర్ల ఫైలు అమ్మితే కార్డు చార్జీలు కాకుండానే 80 సెంట్లు అక్కడే పోతాయి. అదే 15 డాలర్ల ప్యాక్ అయితే ఆ లెక్కన పోయేది 2 డాలర్లే. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పెళ్లి పెట్టుకున్నవాళ్లకు తెలుగు టైపు చేయడం పెద్ద తలనొప్పి. వాళ్లకు మాత్రం నేరుగా అమ్మవచ్చు, తెలుగు మేటర్ పక్కన ఇంగ్లిష్ మేటర్ కూడా పెట్టి, మంచి ధరకు. కానీ అది రెండో అడుగు.

పరీక్షలయ్యే దాకా దీనికి ఆదివారాలు మాత్రమే ఇవ్వండి, డిగ్రీ పోగొట్టుకునేంత డబ్బు ఇందులో ఇప్పట్లో రాదు. ఒకవేళ ఉద్యోగం వైపు వెళ్లినా, తెలుగు యూనికోడ్‌లో చేసిన ఈ పనులే ఇంటర్వ్యూలో చూపించుకోవచ్చు.

చివరగా లెక్కలు. బి.కాం. వారు కాబట్టి మీకు సులువే. ఈ తరహా సేవలకు ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అయితే మీ నాన్నగారికి ఇప్పటికే జీఎస్టీ నంబరు ఉంటే, ఆయన పాన్ మీద జరిగిన ఫైళ్ల అమ్మకం కూడా షాపు టర్నోవర్‌లోకే వెళ్లి పన్ను పడుతుంది. అందుకని మీ పాన్ మీద మీ పేరుతోనే బ్యాంకు ఖాతా తెరవండి. ఏ ఫైలు, ఎవరికి, ఎంతకు అన్నది మొదటి అమ్మకం నుంచే ఎక్సెల్‌లో రాసుకోండి. షాపు కౌంటర్ మీద ఉన్న క్యూఆర్ కోడ్‌కు మాత్రం ఈ డబ్బు రానివ్వకండి.