పాత కారు హెడ్‌లైట్లకు కవర్లు బిగిస్తే నేరమా?

ప్రశ్న: మాది చీమకుర్తి దగ్గర పల్లె. మా నాన్నగారు కొన్న 1996 మోడల్ అంబాసిడర్‌ను ఇప్పటికీ నేనే నడుపుతున్నాను. ఒంగోలు వెళ్లే రోడ్డులో గ్రానైట్ లారీలు, కంకర టిప్పర్లు ఎక్కువ. వాటి వెనక వెళ్తుంటే రాళ్లు ఎగిరొచ్చి హెడ్‌లైట్ అద్దాలు పగులుతున్నాయి. ఆ పాత అద్దాలు ఇప్పుడు దొరకడం కష్టంగా ఉంది. అందుకని లైట్ల మీద పారదర్శకమైన ప్లాస్టిక్ కవర్లు బిగించుకున్నాను. మొన్న తనిఖీలో ఒక అధికారి ఆపి, ఇది ఆల్టరేషన్ కిందికి వస్తుంది, 5,000 రూపాయల జరిమానా పడుతుంది, బండి సీజ్ చేయొచ్చు అన్నారు. చివరికి హెచ్చరించి వదిలేశారు. ఈ ఏడాదే ఆర్‌సీ రెన్యువల్ ఉంది. కవర్లు తీసేయాలా? రాళ్లు పడి జరిగిన నష్టాన్ని టిప్పర్ ఓనర్ దగ్గర రాబట్టుకోవచ్చా?
— ఒక పాఠకుడు, చీమకుర్తి మండలం

జవాబు: కవర్లు నిజంగా పారదర్శకంగా ఉండి, రాత్రిపూట లైటు వెలుగును అడ్డుకోకుండా ఉంటే తీసేయనక్కర్లేదు. హెడ్‌లైట్‌కు కవరు పెట్టడమే నేరమని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో ఏ సెక్షనూ చెప్పడం లేదు. అయితే మీరు ఆల్టరేషన్ గురించి భయపడుతున్నారు గానీ, అంతకంటే పట్టించుకోవాల్సిన నిబంధన ఇంకొకటి ఉంది. ముందు మీ భయం సంగతి చూద్దాం.

వాహనంలో మార్పుల గురించి చెప్పేది ఆ చట్టంలోని 52వ సెక్షన్. ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వివరాలతో తేడా వచ్చేలా బండిని మార్చకూడదన్నది దాని సారాంశం. ఆల్టరేషన్ అంటే ఏమిటో కూడా అదే సెక్షన్ కింద వివరణ ఇచ్చారు. బండి నిర్మాణంలో మార్పు జరగాలి, ఆ మార్పు వల్ల బండి మౌలిక స్వరూపం మారాలి. కారును కోసి పికప్‌గా చేయడం, చాసిస్ పొడవు పెంచడం ఇలాంటివి. మీ ఆర్‌సీ తీసి చూడండి. ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు, రంగు, సీట్లు, ఇంధనం, బరువు ఉంటాయి. హెడ్‌లైట్ అద్దం ప్రస్తావన ఉండదు. పైన తొడిగే ప్లాస్టిక్ పలక వల్ల వీటిలో ఏదీ మారదు.

ఆ అధికారి చెప్పిన 5,000 ఎక్కడి నుంచి వచ్చిందంటే, 2019 సవరణలో చేర్చిన 182ఎ సెక్షన్ నాలుగో ఉపవిభాగం నుంచి. చట్టం అనుమతించని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ వేయొచ్చని అది చెబుతుంది. విడిభాగాలు తెచ్చి బిగించడం కూడా దీని పరిధిలోకే వస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడానికి వీల్లేదని గట్టిగానే చెప్పింది. ఈ రెండింటినీ కలిపి చదివి కొందరు అధికారులు ప్రతి అదనపు వస్తువునూ ఆల్టరేషన్ అంటున్నారు. నా అభిప్రాయంలో అది సరైన అన్వయం కాదు. ఆల్టరేషన్‌కు ఇచ్చిన వివరణ 52కే పరిమితమని ఎదుటివారు వాదించవచ్చు. అయినా చట్టం అనుమతించని మార్పు ఏదో ముందు తేలాలి కదా, అందుకోసం మళ్లీ 52 దగ్గరికే రావాలి. ఇక సీజ్ సంగతి. బండిని నిలిపి ఉంచే అధికారం ఇచ్చేది 207వ సెక్షన్. లైసెన్స్, రిజిస్ట్రేషన్, పర్మిట్ లేకుండా నడిపే బండ్ల కోసం ఉద్దేశించింది అది. పక్కాగా కాగితాలున్న కారును హెడ్‌లైట్ కవరు కోసం దాని కింద ఆపలేరు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 105వది లైట్ల గురించి. చీకటి పడ్డాక, వెలుతురు చాలనప్పుడు నడిపే బండి లైట్లకు 155 మీటర్ల ముందున్న మనుషులు, వాహనాలు స్పష్టంగా కనపడాలి. 106వది ఎదురుగా వచ్చేవారి కళ్లు చెదరకుండా వెలుగు కిందికి వంగి ఉండాలంటుంది. మీ కవరు మంచిదా చెడ్డదా అని తేల్చేవి ఈ రెండే. కొత్త, శుభ్రమైన పారదర్శక పలక కూడా వెలుగులో ఎనిమిది నుంచి పది శాతం దాకా ఆపేస్తుంది. అంతవరకు పరవాలేదు. ఎండకు ఆ ప్లాస్టిక్ పసుపు పచ్చగా మారాక, రాళ్ల గీతలు పడ్డాక, మీ దారిలో ఉండే గ్రానైట్ దుమ్ము కవరుకీ అద్దానికీ మధ్య చేరాక పరిస్థితి వేరు. లోపల చెమ్మ పట్టిందంటే వెలుగు చెదిరిపోయి, మీకు దారి సరిగా కనపడకపోగా ఎదుటివాడి కళ్లలో కొడుతుంది. అప్పుడు ఆల్టరేషన్ ఊసు లేకుండానే కేసు రాయొచ్చు. నిబంధన ఉల్లంఘనకు మోటారు వాహనాల చట్టం 177వ సెక్షన్ కింద మొదటిసారి 500 దాకా, మళ్లీ దొరికితే 1,500 దాకా జరిమానా. ప్రమాదకరమైన లోపం ఉందని తెలిసీ నడిపితే 190 కింద 1,500 దాకా. ఆ లోపం వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే అదే సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ.

అందుకే స్క్రూలతో శాశ్వతంగా బిగించిన కవర్లు ఉంటే మార్చేయండి. క్లిప్పులతో పెట్టి, తీసే రకం వేయించుకోండి. పగలు టిప్పర్ల వెనక వెళ్లేటప్పుడు పెట్టుకోండి, పొద్దు గూకాక తీసి డిక్కీలో పడేయండి. చేతికి ఒక నిమిషం పని. హాలోజెన్ బల్బు బాగా వేడెక్కుతుంది కాబట్టి పలక అద్దానికి ఆనకుండా కాస్త ఎడం ఉండాలి. పొగ రంగు, నలుపు రంగు కవర్లు, ఫిల్ములు మాత్రం అందం కోసమైనా వద్దు. ఇనుప జాలీ కూడా అంతే, పగటిపూట రాయిని ఆపుతుంది గానీ రాత్రి దాని నీడ రోడ్డు మీద పడుతుంది. ఇంకో మాట. కవరు వల్ల వెలుగు తగ్గిందని మెకానిక్ ఎక్కువ వాట్ల బల్బులో, బజారులో దొరికే ఎల్‌ఈడీ కిట్లో వేస్తానంటే ఒప్పుకోకండి. ఆ పాత రిఫ్లెక్టర్ 60/55 వాట్ల బల్బుకు సరిపడేది. అందులో ఇంకొకటి పెడితే వెలుగు ఎటు పోతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. అప్పుడు 182ఎ నుంచి మిమ్మల్ని కాపాడటం నాలాంటివాడికి కూడా కష్టమే.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. ప్రమాదం జరిగాక పోలీసులు బండిని మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌కు చూపిస్తారు. ఎక్కడెక్కడ దెబ్బలున్నాయి, బ్రేకులెలా ఉన్నాయి, ప్రమాదానికి యాంత్రిక లోపం కారణమా అన్నది ఆయన రిపోర్టులో రాస్తారు. ప్రమాద పరిహారం కేసులో ట్రిబ్యునల్ ముందు ఆ ఒక్క కాగితం చుట్టూ బోలెడంత వాదన నడుస్తుంది. రాత్రి తొమ్మిదింటికి సంతనూతలపాడు దాటాక లైటు లేని ట్రాక్టర్‌ను మీరు వెనక నుంచి గుద్దారనుకోండి. తప్పు ట్రాక్టర్‌దే. కానీ మీ హెడ్‌లైట్ల మీద మసక కవర్లున్నాయని రిపోర్టులో పడితే, మీ నిర్లక్ష్యమూ ఇంత ఉందని ఇన్సూరెన్స్ వకీలు పట్టుకుంటారు, ఆ మేరకు మీ పరిహారం కోత పడుతుంది. ఎవరైనా చనిపోతే భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా శిక్ష పడే కేసు మీ మీదికే రావచ్చు. అద్దాన్ని కాపాడుకోవడానికి పెట్టిన వస్తువు మనిషి ప్రాణానికి అడ్డు కాకూడదు.

రెన్యువల్ విషయం తేలికే. సొంత కారు ఆర్‌సీకి మొదట 15 ఏళ్లు, తర్వాత అయిదేసి ఏళ్లు గడువు. మీ లెక్క ప్రకారం 2011, 2016, 2021 అయిపోయి ఇప్పుడు వంతు వచ్చింది. గడువు తీరే ముందు 60 రోజుల లోపు ఫారం 25తో దరఖాస్తు చేయాలి. ఫిట్‌నెస్ తనిఖీ పట్టికలో హెడ్‌లైట్ వెలుగు, రిఫ్లెక్టర్లు, బల్బులు అన్నీ ఉన్నాయి. ఆ రోజు కవర్లు ఇంట్లో పెట్టి, పగుళ్లు లేని అద్దాలతో వెళ్లండి. 20 ఏళ్లు దాటిన కార్ల రెన్యువల్ ఫీజును కేంద్రం 2025 ఆగస్టులో 10,000 రూపాయలకు పెంచింది. ఆ సొమ్ము సిద్ధం చేసుకోండి.

మళ్లీ ఎక్కడైనా ఆపితే వాదనకు దిగొద్దు. దిగి, కవరు తీసి చూపించి, లైటు వేసి చూపించండి. అయినా చలానా రాస్తామంటే ఏ సెక్షనో అందులో రాయమని మర్యాదగా అడగండి, అప్పటికప్పుడు బండి ముందు భాగం ఫొటో తీసి పెట్టుకోండి. ఒక విషయం చాలామందికి తెలియదు. చలానా డబ్బు కట్టేస్తే 200వ సెక్షన్ కింద రాజీ అయినట్టే, తర్వాత నేను తప్పు చేయలేదని వాదించడానికి ఉండదు. పోరాడాలనుకుంటే కట్టకండి, గడువులోగా అభ్యంతరం చెప్పండి, కోర్టులో తేల్చుకోండి. 177 కింద 500 రాస్తే మాత్రం, మీ కవరు నిజంగానే మసకబారి ఉంటే, కట్టేసి కవరు మార్చుకోవడమే మేలు.

ఇన్సూరెన్స్ పాలసీ తీసుకునేటప్పుడు కవర్ల సంగతి ఒక ముక్క రాసి ఇవ్వండి. చిన్న వస్తువే అయినా చెప్పలేదన్న సాకు వాళ్లకు దొరక్కూడదు. సొంత నష్టం క్లెయిమ్‌లో ప్లాస్టిక్ భాగాలకు మామూలు పాలసీ సగమే ఇస్తుందని, గాజుకు తరుగుదల కోయరని కూడా గుర్తుంచుకోండి. మీ అంబాసిడర్ అద్దం గాజుది, ఈ ఒక్క చోట అది మీకు లాభం.

ఇక టిప్పర్. మోటారు వాహనం వల్ల మూడో వ్యక్తి ఆస్తికి జరిగిన నష్టాన్నీ ప్రమాద పరిహార ట్రిబ్యునల్‌లో అడగవచ్చు, 2019 సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపు వేయాలి. టార్పాలిన్ కప్పకుండా కంకర రోడ్డు మీద రాలుస్తూ పోయిన బండి అయితే నిర్లక్ష్యం చూపడం సులువు. రోడ్డు మీద ముందే పడి ఉన్న రాయి చక్రం కింద నుంచి లేస్తే డ్రైవర్ తప్పు నిరూపించడం కష్టం. రెండు మూడు వేల రూపాయల అద్దానికి మీరు వాయిదాల చుట్టూ తిరగడం నేను సలహా ఇవ్వను. కానీ రేపు అద్దంతో పాటు విండ్‌షీల్డ్ పోయినా, రాయి వచ్చి మనిషికి తగిలినా ఊరుకోకండి. అందుకని ఇప్పుడే విండ్‌షీల్డ్ లోపలివైపు ఒక డాష్ కెమెరా పెట్టించుకోండి. నంబరు ప్లేటు, కప్పని లోడు, తేదీ, సమయం అందులో పడి ఉంటే వెంటనే 112కు ఫోన్ చేసి, దగ్గరి స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ రసీదు, ఆ వీడియో, మెకానిక్ ఇచ్చిన బిల్లు ఒక కవర్లో పెట్టుకుని వస్తే, ఏ లాయరైనా మీ కేసు అదే రోజు రాయగలడు.