ఒకే బురద, రెండు తీరాలు: ఒక యువ రచయితకు లేఖ

అమ్మాయీ,

దక్షిణ అమెరికా ఉత్తర తీరాన పక్కపక్కనే ఉన్న గయానా, సురినామ్‌లను పోలుస్తూ నువ్వు రాసిన వ్యాసం చదివాను. సమాచారం శ్రద్ధగా పోగుచేశావు. కానీ మొదటి రెండు పేజీలూ పట్టికలా సాగాయి: వైశాల్యం ఇటు ఇంత, అటు అంత, నదులు ఇటు ఇన్ని, అటు ఇన్ని. అలా రాస్తే చదివేవాళ్ళకు అంకెల వరసలే కనబడతాయి, దేశాలు కనబడవు. ఇరుగుపొరుగు దేశాలను పోల్చేటప్పుడు ముందు రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదేదో పట్టుకో. అది ఏ చోట, ఎందుకు వేరుపడిందో తర్వాత చెప్పు.

ఇక్కడ ఆ ఉమ్మడి సరుకు బురద. అమెజాన్ సముద్రంలో కలిపే ఒండ్రులో కొంత భాగాన్ని అలలూ ప్రవాహాలూ వాయవ్య దిశగా తోసుకుపోతాయి. ఫ్రెంచి గయానా, సురినామ్, గయానా తీరాల వెంట ఒరినోకో నది దాకా, సుమారు 1,500 కిలోమీటర్లు, అది పెద్ద పెద్ద మేటలుగా పాకుతుంది. ఒక్కో మేట పదుల కిలోమీటర్ల పొడవుంటుంది, ఏడాదికి కిలోమీటరో రెండో జరుగుతుంది. మేట ఎదురుగా ఉన్నంతకాలం అలల జోరు తగ్గుతుంది, మడచెట్లు మొలుస్తాయి, నేల పెరుగుతుంది. మేట దాటిపోగానే అదే చోట కోత మొదలవుతుంది. అందుకే ‘ఈ తీరం కోతకు గురవుతోంది’ అన్న నీ వాక్యం ఈ దేశాల విషయంలో నిలవదు. ఏ చోట, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా అన్నది చెప్పాలి. రెండేళ్ళ ఉపగ్రహ చిత్రాలు చూసి తేల్చేయకు, కనీసం ముప్ఫై ఏళ్ళవి వరసగా పెట్టుకుని చూడు.

ఇప్పుడు రాజధానులకు రా. జార్జ్‌టౌన్ డెమరారా నది ముఖద్వారంలో, సముద్రం అంచునే ఉంది. పరమారిబో సురినామ్ నది వెంట సుమారు 15 కిలోమీటర్లు లోపలికి ఉంది. దాని పాత పేట గుల్లలు పేరుకుని ఏర్పడిన మెరకల మీద కట్టింది. గోదావరి డెల్టాలో పాత ఇసుక మెరకల మీద ఊళ్ళూ కొబ్బరితోటలూ, పల్లాల్లో వరీ చూసినవాళ్ళకు ఈ అమరిక ఒక్క వాక్యంలో అర్థమవుతుంది. ఆ పోలిక వాడుకో.

‘జార్జ్‌టౌన్ సముద్రమట్టం కంటే దిగువన ఉంది’ అని రాశావు. ఏ మట్టం? ఆ నగరం పోటు మట్టం కంటే దిగువన ఉంది. అక్కడ పోటుకూ ఆటుకూ మధ్య తేడా రెండు మూడు మీటర్లు. కాబట్టి ఆటు వేళ నగరంలోని నీరు తనంతట తాను సముద్రంలోకి జారగలదు. కోకర్లు అనే తూముల పని అదే: ఆటులో తలుపు ఎత్తుతారు, పోటు రాకముందే దించుతారు. మాట డచ్చిదే, ఎందుకంటే 1814లో బ్రిటన్ చేతికి పూర్తిగా వచ్చేదాకా ఆ వలస ప్రాంతాలు డచ్చివాళ్ళవి. ఇక్కడ కారణం జాగ్రత్తగా రాయాలి. ముంపు సముద్రం వైపు నుంచే వస్తుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. సముద్రం వైపు గోడ, వెనకవైపు మంచినీళ్ళు నిలవచేసే జలాశయం కట్ట, మధ్యలో పళ్ళెంలాంటి నేల. పోటు సమయంలో కుండపోత కురిస్తే తూము ఎత్తడానికి వీల్లేదు, తూము ముందు బురద మేట వేస్తే ఎత్తినా నీళ్ళు లాగవు. 2005 జనవరి వరద వానదే.

ఇదంతా చెప్పి, సురినామ్‌కు మడ అడవులున్నాయి కనుక క్షేమం అని ముగించకు. అక్కడ మడ అడవి గయానా కంటే ఎక్కువ మిగిలిన మాట నిజం. అయినా పశ్చిమాన నికెరీ వరిపొలాలు కరకట్టల చాటునే ఉన్నాయి. పరమారిబో దగ్గరి వెఖ్ నార్ జే తీరం కోతకు గురై, అక్కడ బురద నిలిచేలా అడ్డాలు కట్టి మడ మొక్కలు నాటారు.

తీరం దాటాక తెల్ల ఇసుక పట్టీ వస్తుంది. రెండు దేశాల ప్రధాన విమానాశ్రయాలూ రాజధానికి 40 కిలోమీటర్లకు పైగా లోపల ఆ ఇసుక నేల మీదే ఉన్నాయి. ఒక్క వాక్యం చాలు.

కొండల దగ్గర మళ్ళీ ఆగు. గయానాకు పడమర పకరైమా ఇసుకరాతి పీఠభూమి ఉంది కాబట్టే పొటారో నది కైటూర్ జలపాతం దగ్గర 226 మీటర్లు ఒక్క ఊపున దూకుతుంది. ఆ రాతి తూర్పు కొసన విడిగా మిగిలిన ముక్క సురినామ్‌లోని టాఫెల్‌బెర్గ్, 1,026 మీటర్లు. సురినామ్ లోపలి నేలకు వాలు తక్కువ. అందుకే అఫొబాకా ఆనకట్ట వెనక నీరు సుమారు 1,500 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుంది. గయానా, వెనిజులా సరిహద్దులోని రొరైమా కొండ ఎత్తు 2,810 మీటర్లని రాశావు. ఆ బిందువు వెనిజులా వైపుది, గయానా వైపు 2,772.

వైశాల్యం రాసేముందు, రెండు దేశాల సరిహద్దైన కొరెంటైన్ నది ఎగువన ఉన్న వివాదాస్పద త్రికోణం ఎవరి లెక్కలో చేర్చారో చూసుకో. అది గయానా పాలనలో ఉంది, సురినామ్ పటాల్లోనూ కనిపిస్తుంది. 2007 మధ్యవర్తిత్వ తీర్పు సముద్ర సరిహద్దు తేల్చింది, ఆ త్రికోణాన్ని కాదు. సురినామ్ దాదాపు ఆంధ్రప్రదేశ్ అంత ఉంటుందనీ, జనాభా మాత్రం ఆరు లక్షల పైచిలుకేననీ చెబితే మనవాళ్ళకు అంకె గుర్తుంటుంది.

‘వేసవి, చలికాలం’ తీసెయ్. తీరంలో రెండు వానకాలాలు: మే నుంచి ఆగస్టు దాకా పెద్దది, డిసెంబరు, జనవరి ప్రాంతంలో చిన్నది. గయానా దక్షిణాన రుపునూనీ గడ్డిమైదానాల్లో ఒక్కటే.

రెండో ప్రతి రాసేముందు ఒక తెల్లకాగితం మీద, ఒకే కొలబద్దతో, నేల ఎత్తుపల్లాలు పక్కనుంచి కనబడేలా రెండు అడ్డకోతలు గియ్యి: ఒకటి జార్జ్‌టౌన్ నుంచి దక్షిణానికి, మరొకటి పరమారిబో నుంచి. బురద, గోడ లేదా మడ, మెరక, ఇసుక, అడవి, కొండ ఎక్కడ వస్తాయో రాజధాని నుంచి ఎన్ని కిలోమీటర్లో గుర్తుపెట్టు. ఏ గీత దగ్గర నీకు రాయడానికి ఏమీ దొరకదో అక్కడ ఇంకా చదవాలన్నమాట. ప్రతితోపాటు ఆ కాగితం కూడా పంపు.

ఆశీస్సులతో