తెలియని పాటా నచ్చాలంటే

ప్రశ్న: కాలేజీ ప్రాజెక్టుగా తెలంగాణ జానపద పాటల యాప్ చేస్తున్నాం. ఒకే రకం పాటలు వినేవాళ్లను జతచేసి, ఒకరు విన్నవి ఇంకొకరికి చూపిస్తుంది. ఎవరికి చూసినా అవే పది బతుకమ్మ పాటలు వస్తున్నాయి. ర్యాండమ్‌గా కొన్ని కలిపితే స్కిప్ కొడుతున్నారు. ఏం చేయాలి?
– ఇంజినీరింగ్ విద్యార్థులు, హనుమకొండ

జవాబు: ముందు ఆ పది పాటల సంగతి. బతుకమ్మ తొమ్మిది రోజులూ అందరూ అవే పెడతారు. దాంతో అభిరుచి ఏమాత్రం కలవనివాళ్లు కూడా మీ లెక్కలో ఒక్క తీరువాళ్లయిపోతారు. మొత్తం శ్రోతల సంఖ్యను ఆ పాట విన్నవాళ్ల సంఖ్యతో భాగించి, లాగరిథమ్ తీసి, శ్రోతలను పోల్చేటప్పుడు దాన్నే ఆ పాట బరువుగా, అంటే ఆ పాటను ఎంత లెక్కలోకి తీసుకోవాలో చెప్పే అంకెగా పెట్టండి. అందరూ విన్న పాటకు సున్నా వస్తుంది.

ర్యాండమ్ పాటను స్కిప్ కొట్టడం సహజమే. కొత్త పాటలోనూ చెవికి తెలిసినది ఏదో ఒకటి దొరకాలి. ప్రతి పాటకూ వాద్యం, లయ వేగం, ఒక్కరు పాడారా బృందమా, పాడే సందర్భం అని ట్యాగులు పెట్టండి. చేత్తో చేయాల్సిన పని, ఓపిక కావాలి. తర్వాత మామూలు పద్ధతిలో 200 పాటలు ఏరి, శ్రోత ఇదివరకు విన్న గాయకులవి తీసేయండి. మిగిలినవాటిలో ఒకటో రెండో ట్యాగులు కలిసి, తక్కినవి కలవనివి ఎంచుకోండి. ఒకరు ఎత్తుకుంటే బృందం అందుకునే బతుకమ్మ పాటలు ఇష్టపడే ఆమెకు ఒగ్గుకథ ముక్క ఇవ్వండి. అక్కడా కథకుడికి వంత ఉంటుంది, ఒగ్గు, డోలు, తాళాల దరువు మాత్రం వేరు. మాటల భాగం నుంచి కాక పాట అందుకునే చోటు నుంచి మొదలుపెట్టండి, లేదంటే ఆ పోలిక చెవికి చేరకముందే స్కిప్ అయిపోతుంది.

పది పాటల్లో ఇలాంటివి రెండు చాలు. మొదట్లో వద్దు, మూడు, ఏడు స్థానాల్లో వేసి, వెంటనే ఎరిగిన పాట పెట్టండి. ఒక్క స్కిప్‌కే ఆ రకాన్ని కొట్టేయకుండా, వేరే పాటతో ఇంకోసారి ప్రయత్నించండి.

ఫలితం కొలిచేచోటే ప్రాజెక్టులు దారితప్పుతాయి. శ్రోతలు ఇదివరకు విన్న పాటల్లో కొన్ని యాప్‌కు చూపకుండా దాచి, అది వాటిని ఊహించిందా అని చూస్తే కొత్త పద్ధతికి మార్కులు తగ్గుతాయి. దాచినవన్నీ శ్రోత తానుగానో, పాత జాబితా చూపించగానో చేరుకున్న పాటలే కదా! సగం మందికి పాత జాబితా, సగం మందికి కొత్తది రెండు వారాలు ఇవ్వండి. అంతకుముందు ఎరగని గాయకుల పాటను తామే వెతికి మళ్లీ పెట్టుకున్నవాళ్లు ఏ వైపు ఎందరో లెక్కపెట్టండి.